సంద్రం రెండోసారి తినని ఇల్లు

జోడుబండలపాలెంలో కోడికంటే ముందు మైకు కూస్తుంది. ఆ మైకులోంచి వచ్చే గొంతు ఊరి ఆడపడుచుదే. సూరాడ లచ్చన్న కూతురు, నూకరత్నం. మనిషి విశాఖపట్నంలో సముద్రాల మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో ఉంటుంది. గొంతు మాత్రం వలలపాక కప్పు మీద, కొబ్బరితాడుతో కట్టిన మైకులో ఉంటుంది.

“ఈ పూట జోడుబండల దగ్గర అల నడుమెత్తు. పొద్దెక్కే కొద్దీ భుజమెత్తు. కొండగాలి మెత్తగా వీస్తుంది, అల ముఖం నున్నగా ఉంటుంది. పొద్దు నడినెత్తికి వచ్చాక గాలి తిరిగి సంద్రం మీంచి వస్తుంది. సందు బాగుంది.”

ఈ మాట కోసం రెండు రకాల మనుషులు చెవులు రిక్కించుకుని ఉంటారు. పడవల్ని నీళ్ళలోకి తోసే వాడోళ్ళు ఒకరు. పట్నం నుంచి రంగురంగుల పలకలు చంకన పెట్టుకుని దిగే కుర్రకారు ఇంకొకరు. పలక మీద నిలబడి అల మీంచి జారడం వాళ్ళ సరదా. వాళ్ళని చూస్తే ముసలి గవరమ్మకి నోరాగదు.

“ఒలే, సూడండే! మనోళ్ళు అలని తప్పించుకోలేక సస్తంటే, ఈ గుంటలు అలెక్కడుందో సెప్పండని అడిగి మరీ ఎక్కతన్నారు. తల్లులు కూడెట్టి పెంచినారో, పేలాలెట్టి పెంచినారో!”

జోడుబండలు పైకి కనబడవు. ఒడ్డున కేకేస్తే వినబడనంత దూరంలో, నీళ్ళ కింద ఏనుగుల్లా పడుకున్న రెండు రాతిబండలు అవి. ఎక్కడో దక్షిణాన, పేరు కూడా తెలియని నీళ్ళలో పుట్టిన అల తల దించుకుని వస్తుంది. ఆ రాళ్ళకి కాలు తగలగానే ఒక్కసారి లేచి నిలబడుతుంది. బండల మధ్య పడవ పట్టేంత దారి ఉంది. దాన్ని సందు అంటారు. ఊరికీ సంద్రానికీ మధ్య ఆ సందొక్కటే గుమ్మం.

అల పెద్దదైన రోజున ఆ గుమ్మం తెరిచి ఉందో మూసి ఉందో ఒడ్డున నిలబడితే తెలియదు. అందుకని పూర్వం ఒక పడవ ముందు వెళ్ళేది. అది దాటిన తీరు చూసి మిగతా పడవలు కదిలేవి. దాని పేరు ముందుపడవ. ఇంటింటికీ వంతు. వంతు వచ్చినవాడు కడుపునొప్పి అనకూడదు, పెళ్ళాం నీళ్ళోసుకుంది అనకూడదు. వంతు తప్పేది ఒక్క సందర్భంలోనే. ఏ ఇంటి మనిషిని సంద్రం తిందో ఆ ఇంటికి ముందుపడవ లేదు. ‘సంద్రం ఒకే ఇంట్లో రెండోసారి తినదు’ అని అక్కడి మాట. వాడోళ్ళు దీన్ని నమ్మకం అనరు, న్యాయం అంటారు. తన వాటా తనకి ముట్టాక ఎంత సంద్రమైనా మళ్ళీ అదే గడప దగ్గర చెయ్యి చాపుతుందా?

సూరాడ వారింటికి ఆ వంతు ఏనాడో తప్పింది. నూకరత్నం అన్న పైడయ్య ఒక శ్రావణమాసపు పొద్దున ముందుపడవలో వెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. పెళ్ళై ఏడాది తిరగలేదు. పెళ్ళాం కొర్లమ్మ పుట్టింటికి పోకుండా మామకి వండిపెడుతూ, చేపలు ఎండబెట్టి అమ్ముకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. నూకరత్నం చదువుకి పోయింది. ఏం చదువుతావే అని తండ్రి అడిగితే, అల గురించి చదువుతానంది.

“సదువు మరి,” అన్నాడు లచ్చన్న. “అలకి ఎలాగూ సదువు రాదు. నీకైనా రానీ.”

చదువు వచ్చింది. కొన్నేళ్ళకి ఆమె జీపులో గంపెడు నల్లటి పెట్టెలు వేసుకుని ఊళ్ళో దిగింది. టిఫిన్ డబ్బా అంతున్న ఆ పెట్టెని ఒక్కో పడవకీ వెనక, చుక్కాని పక్కన బిగిస్తుంటే మగాళ్ళు చుట్టూ మూగారు.

“ఏటే నూకీ, ఇందులో ఏటుంది?” అన్నాడు అప్పలకొండ. ఆమెకి వరసకి మేనమామ, నోటికి మూతలేని మనిషి.

“పడవ ఎలా లేస్తందో, ఎలా వాలతందో రాసుకుంటాది మావా. అల వచ్చినపుడు చుక్కాని మీద నీ చెయ్యి ఎటు తిరుగుతందో అదీ రాసుకుంటాది.”

“కల్లుముంత కాడ నా చెయ్యి ఎటు తిరుగుతాదో అదీ రాస్తాదేటి?”

“అది రాయక్కర్లేదు మావా. అత్తకి తెలుసు.”

ఇసుక మీద నవ్వులు పొర్లాయి. లచ్చన్న మాత్రం నవ్వకుండా కూతురి చేతులు చూస్తున్నాడు. మరమేకు తిప్పే ఆ చేతులు అచ్చు పైడయ్య చేతులే.

పెట్టెలు రెండు వానాకాలాలు రాసుకున్నాయి. ఆ రాతంతా ప్రయోగశాలలోని యంత్రానికి చేరేది. ఆకాశం మీంచి గాలినీ దూరపు అలల్నీ చూసే కళ్ళు యంత్రానికి ముందే ఉన్నాయి. పెట్టెలు చేరాక అది ఇంకా పుట్టని అలకి కొలత చెప్పడం మొదలెట్టింది. ఇన్ని అలల తర్వాత ఇంత ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో సందు ఇంతసేపు తెరిచి ఉంటుంది అని, నూకరత్నం అరువిచ్చిన గొంతుతో మైకులో చెప్పేది. చెప్పింది చెప్పినట్టు జరిగేది. మూడోయేడు ఊరిపెద్ద దానయ్య వలలపాకలో అందర్నీ కూర్చోబెట్టి, ఇక ముందుపడవ లేదు, వంతులు లేవు అని చాటించాడు. ఆడవాళ్ళు నూకరత్నం బుగ్గలు పుణికారు. కొర్లమ్మ ఒక్కర్తే దూరంగా నిలబడి ఉండిపోయింది. చివరికి దగ్గరకొచ్చి, “మంచిపనే సేసినావు మరదలా. కాసింత ఆలీసమైనాది,” అని చేపలగంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

గంగమ్మ పండగనాడు ఊళ్ళో ఒక్క పడవా నీళ్ళు తాకదు. ఆ ఏడు పండగనాడు మైకు ఎప్పట్లాగే కూసింది. అల నడుమెత్తు అంది. పట్నం కుర్రాళ్ళు పలకలు తీసుకుని వెళ్ళారు. బండల దగ్గర అల తలెత్తు దాటి లేచింది. ఒకణ్ణి ఎత్తి రాతి మీద వేసింది. భుజం విరిగి, ప్రాణంతో బయటపడ్డాడు.

“వేలల్లో ఒక తప్పమ్మా,” అన్నాడు ప్రయోగశాల పెద్ద శేషగిరి. మంచివాడు. తప్పు జరిగితే కిందివాళ్ళ మీదకి తొయ్యని మనిషి. “యంత్రం దానికదే దిద్దుకుంటుంది.”

నూకరత్నం ఊరుకోలేకపోయింది. పాత రోజులన్నీ తెర మీదకి తెచ్చుకుని చూసింది. ఊళ్ళో ఎవరో పోయినప్పుడు పడవలు కదలని రోజు ఒకటుంది. ఆ రోజూ యంత్రం తప్పే చెప్పింది. ఎవరూ వేటకెళ్ళలేదు గనక ఎవరూ గమనించలేదు. ముసురు పట్టి అందరూ ఇంట్లో ఉన్న రోజు కూడా తప్పే. అలాంటి రోజుల్లో తెర మీద యంత్రం గీసే అల గీత పాలిపోయి, నిన్నటి మాటే మళ్ళీ వల్లించేది. పంతులు రాని పూట పిల్లలు పాత పాఠమే చదువుకుంటున్నట్టు.

బండకి బయటివైపు అంచుని ఊళ్ళో భుజం అంటారు. అల లేవడం మొదలెట్టేది అక్కడే. మామూలు రోజుల్లో ఎవడో ఒకడు ఆ భుజం దగ్గర గాలం వేసుకుంటూ ఉంటాడు. యంత్రం అన్నాళ్ళూ చదివింది వాడి చేతిని. అల వస్తుంటే ఆ చెయ్యి చుక్కానిని ఎంత తిప్పుతుంది, ఎంత ఆగుతుంది, ఎక్కడ వదులుతుంది, అదే దానికి అక్షరమాల. చెయ్యి లేకపోతే సంద్రం దానికి ఒట్టి నీళ్ళు. ఖాళీ పడవలో ఇసుకబస్తాలు వేసి, లంగరుకి కట్టి, భుజం దగ్గర వదిలి చూశారు. మోటారుతో చుక్కాని దానికదే తిరిగే పడవ పెట్టి చూశారు. తెర మీద గీత ముదరలేదు.

“అయితే దారి సులువే కదా,” అన్నాడు శేషగిరి, మూడో ప్రయోగం కూడా పోయాక. “పెద్ద అల రోజుల్లో మనిషున్న పడవ ఒక్కటి, ఆ భుజం దగ్గర. మిగతా అందరూ క్షేమంగా ఉంటారు. పరిశీలక పడవ అని పేరు పెడదాం.”

“మా ఊళ్ళో దానికి ముందే ఒక పేరుంది సార్.”

“ఏమిటి?”

“ముందుపడవ.”

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

నిజం చెప్పడానికి నూకరత్నం స్వయంగా ఊరెళ్ళింది. వలలపాకలో అందరిముందూ నిలబడి చెప్పింది. చిన్న అలకి భయం లేదు. పెద్ద అల రోజున భుజం దగ్గర మనిషుంటేనే మైకు మాట నమ్మండి. లేకపోతే అది గుడ్డిది.

“అయితే మళ్ళీ వంతులేనా?” అన్నాడు దానయ్య, తల గోక్కుంటూ.

వల అల్లుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. పిల్లలున్నవాళ్ళు పిల్లల వైపు చూశారు. అప్పుడు అప్పలకొండ అన్నాడు. అందులో కుట్ర లేదు, వెటకారం లేదు. దారి దొరికినవాడి సంబరం ఉంది.

“వంతులెందుకు? లచ్చన్న బావ ఉన్నాడు కదేటి! ఆ ఇంట్లో సంద్రం ఓపాలి తినేసినాది. ఇంక బావని ముట్టుకోదు. మన ఇళ్ళల్లోంచి ఎవడెల్లినా గేరంటీ నేదు. బావకుంది.”

పాకలో ఒక్కసారి గాలాడినట్టయింది. అవునవునన్నారు. నిన్నటిదాకా ఏ మాట చెప్పి లచ్చన్నని ఒడ్డున కూర్చోబెట్టారో, అదే మాట చెప్పి ఇప్పుడు నీళ్ళలోకి సాగనంపుతున్నారు.

“తిననని సంద్రం మీకు మాటిచ్చినాదేటి?” పాక బయటినుంచి కొర్లమ్మ గొంతు లేచింది. “తాంబూలం పుచ్చుకున్నాదా? మావ ముసిలోడు. మీకు సిగ్గు నేదా?”

“ముసిలోడెవడే?” లచ్చన్న నవ్వుతూ లేచాడు. “కోడలా, ఆ పెట్టె మనది. మన పెట్టె కోసం ఇంకో ఇంటోడు ఎల్లి, ఆడికేదైనా అయితే మన గొంతులోకి కూడు దిగుతాదా? నానెల్తాను. నా కూతురు సెప్తాది, నాను ఇంటాను. ఎల్లకాలం అది నా మాట ఇన్నాది, ఇప్పుడు నా వంతు.”

నూకరత్నం వద్దనొచ్చు. సంద్రానికి ఇళ్ళ జాబితా తెలియదని ఆమెకి తెలుసు. నిన్న తిన్నది అలకి ఇవాళ గుర్తుండదని తరగతి గదుల్లో కుర్రాళ్ళకి తనే చెబుతుంది. కానీ అప్పలకొండ ఆ మాట అనగానే ఆమె గుండెలో ఏదో తేలికపడింది. ఆ తేలికదనాన్ని ఆమె చూసింది. చూసి, వీధిలో అప్పులవాణ్ణి చూసినట్టు, ముఖం పక్కకి తిప్పుకుంది.

ఆ వానాకాలమంతా లచ్చన్న వెళ్ళొచ్చాడు. తండ్రీకూతుళ్ళ మాటలు వైర్లెస్‌లో నడిచేవి.

“అయ్యా, ఇంకో పెద్దది వస్తంది.”

“వచ్చినాది, ఎల్లినాది. అటక మీద కూకున్నట్టుంది. నువ్వు టీ తాగినావా?”

“తాగాను.”

“పలక గుంటలకి సెప్పు, నా వెనకాల జారొద్దని. ఆళ్ళు పడితే నాకు నవ్వొస్తంది, సుక్కాని తప్పిపోతంది.”

పట్నం కుర్రాళ్ళకి అతనంటే ప్రాణం. నీళ్ళలోంచి చెయ్యెత్తి “తాతా!” అని అరిచేవాళ్ళు. అతను తలపాగా విప్పి ఊపేవాడు. ఊరు స్థిమితపడింది. మైకు మళ్ళీ నిజం చెబుతోంది. లచ్చన్న ఇంటికి ఎవరో ఒకరు పూటా కూర పంపేవారు. కొర్లమ్మ మాత్రం మామ పడవ ఎక్కిన ప్రతిసారీ పొయ్యి ఆర్పి, గడపలో కూర్చునేది. పడవ ఇసుక తాకాకే మళ్ళీ పొయ్యి వెలిగించేది.

కార్తీకంలో, ఇటువైపు ఒక్క మబ్బయినా లేని రోజుల్లో, దక్షిణాన చాలా దూరంలో తుఫాను పుట్టింది. అది మన తీరానికి రాదు. దాని అలలే వస్తాయి. ఆ సంగతి యంత్రం ముందుగానే చెప్పింది. కానీ అప్పటికే నాలుగు పడవలు లోతువేటకి వెళ్ళిపోయి, ఫోను అందని దూరంలో ఉన్నాయి. నూకరత్నం పరుగున ఊరికి వచ్చి వలలపాకలో తెర పెట్టుకు కూర్చుంది.

పొద్దున్నే మైకు చెప్పింది. “జోడుబండల దగ్గర అల ఇంటెత్తు. పొద్దెక్కాక తాటిచెట్టెత్తు. కొండగాలి ఉన్నంతసేపే సందు. గాలి తిరిగితే సందు లేదు.”

వాడోళ్ళు భయపడేది గాలివాన అలకి కాదు, ఇలాంటి అలకి. ఎండ కాస్తూ ఉంటుంది. గాలి పిల్లల జుట్టు కూడా చెదరగొట్టదు. బండల దగ్గర మాత్రం నీలం గాజుగోడ ఒకటి నెమ్మదిగా లేచి, అంచున తెల్లగా నురగ చిమ్మి, నేలంతా అదిరేలా పడుతుంది. పట్నం కుర్రాళ్ళు పలకలు ఇసుకలో పాతి నిలబడ్డారు. ఒక్కడూ నీళ్ళ వైపు అడుగెయ్యలేదు. అలాంటి అల కోసమే వాళ్ళు బతుకుతారు. అయినా ముఖాలు పాలిపోయి ఉన్నాయి.

లోతు నుంచి నాలుగు పడవలూ వచ్చి బండలకి అవతల ఆగాయి. దక్షిణాన రేవుంది గానీ అక్కడికి పోయేంత ఆయిల్ ఏ పడవలోనూ లేదు. గాలి తిరిగేలోపు సందు దాటాలి. లేకపోతే అక్కడే ఉండాలి. ఉంటే ఏమవుతుందో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు.

లచ్చన్న అలల మధ్య ఖాళీ చూసుకుని పడవ తోశాడు. సందు దాటి, పక్కకి తిరిగి, భుజం దగ్గర నిలిచాడు. పాకలో తెర మీద పాలిపోయిన గీతకి ఒక్కసారి రక్తం పట్టింది.

నూకరత్నం వైర్లెస్‌లో పడవల్ని పిలవడం మొదలెట్టింది. “ఇప్పుడు కాదు. ఇదీ కాదు. ఆగండి... ఇప్పుడు రా!” మొదటి పడవ సందులోంచి దూసుకొచ్చి ఇసుక తాకింది. ఒడ్డున కేకలు లేచాయి. రెండోది వచ్చింది. మూడోది వస్తుంటే వెనక అల విరిగి, తుంపరలో పడవ కనబడకుండా పోయి, మళ్ళీ కనబడింది. నాలుగోది అప్పలకొండది. అందులో అతనూ, ఇద్దరు కొడుకులూ, అల్లుడూ. సందు మొదట్లోకి వచ్చాక ఇంజిన్ దగ్గడం మొదలెట్టింది.

అప్పుడే ఆమె చెంపకి చల్లగా తగిలింది, సంద్రం వైపునుంచి. గాలి తిరుగుతోంది. చెప్పినదానికంటే ముందే తిరుగుతోంది.

తెర మీద, బండలకి ఇంకా చేరని మూడు అలలు కనబడుతున్నాయి. రెండు మామూలువి. మూడోది మిగతావాటిలా బండ మీద విరగదు. అంతకంటే బయట, భుజం దగ్గరే విరుగుతుంది. పడవ నిలబడేది పదిలో నాలుగు పాళ్ళు, తిరగబడేది ఆరు పాళ్ళు అని యంత్రం చెబుతోంది. లచ్చన్న ఇప్పుడే లోతుకి తప్పుకుంటే, తన పడవలో నిండుగా ఉన్న ఆయిల్ తో దక్షిణపు రేవుకి పోవచ్చు, అతనికి ఏమీ కాదు. అతను తప్పుకుంటే గీత పాలిపోతుంది. సందులో ఉన్న నలుగురూ కళ్ళకి గంతలు కట్టినట్టవుతారు.

“అయ్యా.”

“సెప్పు.”

“మూడోది పెద్దది.”

“నా కాడ ఇరుగుతాదా?”

ఆమె వైర్లెస్ మీట నొక్కి, వదిలేసింది.

“సందులో ఎవరు?”

“అప్పలకొండ మావ. ఇంజిన్ అందుకోడం లేదు. ఇంకో రెండు అలలు ఆగితే వచ్చేస్తాడు.”

“మరి నన్నేటి సెయ్యమంటావు?” అన్నాడు లచ్చన్న. అడిగిన తీరులో బెంగ లేదు. వలకి ఏ దారం వాడమంటావు అని అడిగినట్టు అడిగాడు. కూతురి మాట వింటానన్నాడు, వింటున్నాడు.

పదిలో ఆరు. ఆ అంకె తెర మీద కళ్ళెదురుగానే ఉంది. అయినా దాని మీద ఇంకో మాట వచ్చి పడింది. ఆమె చిన్నప్పుడు ఉగ్గుతో తాగిన మాట. ఆ ఇంట్లో సంద్రం ఓపాలి తినేసింది. ఇంక ముట్టుకోదు.

“ఉండయ్యా,” అంది. “ఏం కాదు.”

“సరే.”

మొదటి అల దాటింది. “మావా, ఇప్పుడు రా!” రెండో అల వీపు మీద అప్పలకొండ పడవ సందు దాటి ఒడ్డు వైపు జారింది. మూడోదానికి లచ్చన్న పడవ ఎదురెక్కడం తెర మీద కనబడింది. గీత నిలువుగా లేచింది. చుక్కాని మీద అతని చెయ్యి ఎడమకి తిరిగింది, ఆగింది, ఇంకాస్త తిరిగింది. అక్కడ గీత తెగిపోయింది.

ఒడ్డున అప్పలకొండ కొడుకుల్ని ఎత్తుకుని కేకలేస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు.

ఎవరూ చెప్పకుండానే పట్నం కుర్రాళ్ళు పలకలతో నీళ్ళలో పడ్డారు. నురగలో మునిగి తేలుతూ పొద్దువాలేదాకా వెతికారు. తలపాగా ఒకటి తెచ్చి ఇసుక మీద పెట్టి, దాని పక్కన కూర్చుండిపోయారు. పడవ దానంతటదే ఒడ్డుకి వచ్చింది. మనిషిని మర్నాడు ఉత్తరాన సరుగుడు తోటల దగ్గర ఇచ్చింది సంద్రం.

దినం నాటికి శేషగిరి వచ్చాడు. చెప్పులు దూరంగా విప్పి, ఇసుకలో కూర్చుని, కన్నీళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు నూకరత్నాన్ని పక్కకి పిలిచి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. “ఇది ఇప్పుడు అనొచ్చో లేదో నాకు తెలీదమ్మా. అంత పెద్ద అల మీద మనిషి చెయ్యి యంత్రం ఇంతవరకూ చూడలేదు. మీ నాన్నగారిది చూసింది. కొన్నాళ్ళకి ఏ పడవా అక్కర్లేకపోవచ్చు.”

“ఆ చెయ్యి దాటలేదు సార్,” అంది ఆమె. “దాటని చెయ్యి దగ్గర అది ఏం నేర్చుకుంటుంది?”

“దాటనిది కూడా చదువేనమ్మా.”

“అయితే ఒక్క మాట నన్ను నేర్పనివ్వండి.”

ముసలి గవరమ్మ వచ్చి నూకరత్నాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ముడతల చేత్తో వీపు నిమిరింది. “ఏడవకే నా తల్లీ. రెండు తినేసినాది. మూడోసారి మీ గడప తొక్కదు. నీకూ కోడలికీ ఇంక భయం నేదు.”

ప్రేమగానే అంది. ఆ మాట చావలేదు. ఒక అంకె ముందుకి జరిగి కూర్చుంది, అంతే. తప్పు చెప్పిన ప్రతిసారీ యంత్రం తనని తాను దిద్దుకున్నట్టే. నూకరత్నానికి అంతకంటే భయం వేసింది ఇంకొకటి. గవరమ్మ మాట చెవిన పడగానే గుండె మళ్ళీ తేలికపడబోయింది. ఈసారి ఆమె ముఖం తిప్పుకోలేదు. దాన్ని అలాగే చూస్తూ కూర్చుంది, అది బరువెక్కేదాకా.

నూకరత్నం ఆ మాట నేర్పాక, వలలపాక కప్పు మీద మైకు మళ్ళీ కూసిన పొద్దున ఊరంతా ఆగి విన్నది.

“కొండగాలి ఉంది. పొద్దెక్కాక గాలి తిరగొచ్చు. జోడుబండల దగ్గర అల పెద్దది. ఎంతో తెలీదు. సందు తెలీదు.”

“ఇదేటిది, పాడైపోనాదేటి?” అన్నాడెవడో.

“నేదు,” అన్నాడు అప్పలకొండ. ఆ రోజు తరవాత అతను పెద్దగా మాట్లాడింది అదే. తోయబోతున్న పడవ మీంచి చేతులు తీసేసి, నీడలో కూర్చుని, వల ఒళ్ళో వేసుకున్నాడు. చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు. పట్నం కుర్రాళ్ళు కాసేపు సంద్రాన్నీ, కాసేపు మైకునీ చూసి, పలకలకి గుడ్డలు చుట్టారు.

ఇసుక మీద పరిచిన పట్టా దగ్గర కొర్లమ్మ చేపలు తిరగేస్తోంది. మామ పోయిన నాటి నుంచి మరదలితో మాట్లాడలేదు. నూకరత్నం వెళ్ళి పట్టాకి అవతలి కొసన కూర్చుని తనూ తిరగెయ్యడం మొదలెట్టింది. పట్టా సగం దాకా తిరగేశారు.

“ఆ రోజున పెట్టె నీకేటి సెప్పినాది?” అంది కొర్లమ్మ, తలెత్తకుండా.

“పదిలో ఆరు పాళ్ళు పోతాడని.”

“నువ్వేటి సెప్పినావు?”

“ఉండమన్నాను. ఏం కాదన్నాను.”

కొర్లమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. తరవాత దాన్ని మెల్లిగా బోర్లించింది.

“మీ అన్న ఎల్లినపుడు గడప కాడ నానూ అదే అన్నాను,” అంది. “ఏం కాదని.”

అల ఒకటి బండల మీద పడిన చప్పుడు నేలలోంచి వచ్చి ఇద్దరి కాళ్ళకీ తగిలింది. కొర్లమ్మ ఆకాశం వైపు చూసింది. దక్షిణాన మూలగా, గోరంత నలుపు.

“పొద్దుగూకేసరికి ఎలాగుంటాదే? వానొస్తాదా?”

నూకరత్నం కూడా చూసింది. చెప్పబోయి ఆగింది.

“తెలీదు వదినా.”

“తెలీదా,” అంది కొర్లమ్మ. లేచి, చీర చెంగు నడుముకి దోపుకుంది. “అయితే ఆ కొస పట్టుకో. సేపలు లోపలెట్టేద్దాం.”